నేను రిజెక్ట్ చేసిన శని గ్రహం

మీలో ఎవరైనా క్వాలిటీ విభాగంలో కొత్తగా చేరి ఉంటే ఇది మీకోసమే రాస్తున్నాను. మిగతావాళ్లు సరదాకి చదువుకోవచ్చు. హైదరాబాదు పక్కన పాశమైలారంలో ఒక ఫైబర్‌గ్లాస్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. అన్నేళ్లలో నేను పాస్ చేసిన ట్యాంకు ఒక్కటీ కారలేదు. నేను వెనక్కి పంపిన సరుకు విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్లూ లేరు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారీ నేను వెనక్కి పంపింది శని గ్రహాన్ని.

మా నాన్న ఇక్కడి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఫిట్టర్ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చారు. నేను పుట్టిందీ, పెరిగిందీ, ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో కూర్చుని ఇది రాస్తున్నదీ అంతా ఈ చుట్టుపక్కలే. అయినా నోరు తెరిస్తే చాలు, "మీది ఆంధ్రానా మేడమ్?" అంటారు. బీఎస్సీ చదివాను. మా ఫ్యాక్టరీలో షాప్ ఫ్లోర్ మీద డిగ్రీ ఉన్నది నాకొక్కదానికే. ఆ గర్వం కూడా కాస్త ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

మేం రసాయన కంపెనీలకి యాసిడ్ ట్యాంకులు చేసేవాళ్లం. అచ్చుకి మైనం పూసి, దానిమీద గాజు నార పొరలు పరిచి, రెజిన్ పోసి రోలర్‌తో అదిమితే, ఆరాక పెంకులా ఊడి వస్తుంది. పొరల మధ్య ఎక్కడైనా గాలి చిక్కిందేమో చూడటం నా పని. దానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. ఐదు రూపాయల బిళ్లతో ట్యాంకంతా టకటకా కొట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే పాస్. బొదబొదమంటే అక్కడ ఎర్ర పెన్నుతో ఒక సున్నా.

నా సున్నాలన్నీ ఎక్కువగా మా ఫోర్‌మన్ ఖాతాలోనే పడేవి. ఆయనది మా ఇండస్ట్రియల్ ఎస్టేటు పక్క ఊరే. సొంత పొలం, నాలుగు బర్రెలు ఉన్నా ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలో పనిలో చేరి అందులోనే ఆరితేరాడు. పదిమందిలో నన్ను మేడమ్ అనేవాడు. ఎవరూ లేనప్పుడు అక్కా అనేవాడు. కోపమొస్తే క్వాలిటీ కంట్రోల్‌ని కుదించి ఉత్త "క్యూసీ" అనేవాడు, నేనేదో జబ్బునైనట్టు.

ఒకరోజు కంది ఊరి దగ్గరున్న పెద్ద విద్యాసంస్థ క్యాంపస్ నుంచి ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె ఉద్యోగానికి వచ్చిందనుకుని అప్లికేషన్ ఫారం చేతిలో పెట్టాడు. పాపం, సగం నింపాక అనుమానం వచ్చి అడిగిందట. ఆమె అక్కడ ప్రొఫెసర్. గ్రహాల మీద పరిశోధన.

బడిపిల్లలు వచ్చి చూడటానికి క్యాంపస్‌లో ఒక సైన్సు తోట కడుతున్నారట. దాని మధ్యలో శని గ్రహం, దాని వలయాలు, కొన్ని చందమామలు, వాటిని చూడటానికి వెళ్లిన అంతరిక్ష నౌక, ఇవన్నీ ఫైబర్‌గ్లాస్‌లో కావాలంది.

"ఆ నౌక అక్కడికి చేరడానికే ఏడేళ్లు పట్టిందండీ. తర్వాత పదమూడేళ్లు అక్కడే తిరిగింది. పిల్లలు దాని కింద నిలబడి తలెత్తి చూడాలి. అదీ నా కోరిక," అంది. చెబుతుంటే కళ్లు మెరిశాయి.

మా ఎండీ గారికి ఏ ఆర్డరు వచ్చినా ముందు సరే అనడం, తర్వాత అదేమిటని మమ్మల్ని అడగడం అలవాటు.

"గ్రహం ఎంత సైజు మేడమ్?"

"రెండు మీటర్లు."

ఆయన మనసులో లెక్కేసుకున్నారు. "అంటే నాలుగు వేల లీటర్ల శని. అంతేనా! ముప్పై వేల లీటర్లవే చేసి పంపిస్తున్నాం." ఆ మీదట నావైపు చెయ్యి చూపించి, "మా మేడమ్ బీఎస్సీ. సైన్సు సంగతంతా ఆవిడ చూసుకుంటారు," అన్నారు.

నేను చదివింది వృక్షశాస్త్రమని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా టీ వచ్చింది. ప్రొఫెసరమ్మ నన్ను చూసి ఎంతో గౌరవంగా నవ్వింది. ఆ నవ్వు చూశాక చెప్పబుద్ధి కాలేదు.

మొదటి గొడవ పేరుతో వచ్చింది. ఏం తయారు చేయాలో రాసే జాబ్ కార్డు మీద 'శని గ్రహం, ఒకటి' అని రాసి పంపితే గంటలో వెనక్కొచ్చింది. ఎండీ గారే స్వయంగా తెచ్చారు. "రికార్డుల్లో ఇది వద్దండీ. ఇంట్లో మా ఆవిడకి తెలిస్తే హోమం చేయిస్తుంది," అన్నారు. దాంతో కార్డు మీద 'రింగు ట్యాంకు' అని మార్చాను. అయినా అందరికీ తెలిసిపోయింది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ఫోర్కుకి నిమ్మకాయలు కట్టుకున్నాడు. శనివారం నాడు దాన్ని ముట్టుకోబోమని నలుగురు చెప్పేశారు.

మా ఫోర్‌మన్ మాత్రం, "శనిని శనారం చెయ్యకపోతె ఏ వారం చేస్తరు బై? నడువుండ్రి," అని ఆ రోజే పని మొదలుపెట్టించాడు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను. ప్రొఫెసరమ్మ ఇచ్చిన డ్రాయింగులో గ్రహానికి రెండు కొలతలున్నాయి. అడ్డం రెండు వేల మిల్లీమీటర్లు. నిలువు పద్దెనిమిది వందల నాలుగు. నేను దాన్ని రెండుసార్లు చూశాను. బంతికి అడ్డం ఒకటి, నిలువు ఒకటి ఎలా ఉంటుంది? టైపు చేసినవాళ్లు పొరపాటు పడ్డారు పాపం అనుకున్నాను. డ్రాయింగు మూలన ఆమె ఫోన్ నంబరు ఉంది. చెయ్యి చాస్తే అందే దూరంలో ఫోనుంది. కానీ సైన్సు సంగతంతా చూసుకునే మనిషి ఫోన్ చేసి 'గ్రహం గుండ్రంగా ఉంటుందా అండీ' అని అడిగితే ఏం బాగుంటుంది? ఎర్ర పెన్ను తీసి నిలువు కొలత కొట్టేసి, పైన రెండు వేలు అని రాసి, పక్కన సంతకం పెట్టాను. సంతకం కింద తేదీ కూడా వేశాను. మన పద్ధతి మనది.

ఫోర్‌మన్ నా దిద్దుబాటు చూడలేదు. అసలు డ్రాయింగే చూడలేదని నా అనుమానం. షెడ్డు వెనక పాత ట్యాంకు డోము అచ్చొకటి పడి ఉంది. అడ్డం రెండు మీటర్లు. దాంట్లో రెండు డోములు పోసి, మూతికి మూతి కలిపి, ఐదు రోజుల్లో శనిని తెచ్చి నా ముందు పెట్టాడు.

బిళ్లతో కొట్టి చూశాను. ఎక్కడ కొట్టినా ఖంగుమంది. అంత మంచి పని ఆయన చేతిలో నేనెప్పుడూ చూడలేదు. తర్వాత టేపు పట్టాను. అడ్డం రెండు వేలు. నిలువు పద్దెనిమిది వందలు.

"ఇది నొక్కుకుపోయింది మేస్త్రీ," అన్నాను.

"ఏడ నొక్కుకపోయింది? మంచిగనే ఉన్నది గదక్కా."

"రెండు వందల మిల్లీమీటర్లు తక్కువ. పైన ఎవరో కూర్చున్నట్టుంది."

"గంత దూరం ఉన్నదానికి ఎవడన్న పోయి టేపు పట్టి సూసిండా? పోరగాండ్లు ఆడుకునేటందుకు గిది సాలదా?"

"గ్రహమంటే గుండ్రంగా ఉండాలి. నేను చదువుకున్నాను," అన్నాను. అన్నానండీ, ఆ మాట నేనే అన్నాను.

ఆయన కాసేపు నన్నూ, శనినీ మార్చి మార్చి చూశాడు. "సరే క్యూసీ," అని వెళ్లిపోయాడు.

పాత అచ్చు పనికిరాదు కాబట్టి ఇటుకలు పేర్చి, పైన ప్లాస్టర్ పోసి, అట్టముక్కతో వంపు కొలుచుకుంటూ సరిగ్గా అరబంతి అచ్చు తయారు చేయడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఫోర్‌మన్ నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. కొత్త శని మాత్రం అద్భుతంగా వచ్చింది. ఎటు నుంచి టేపు పట్టినా రెండు వేలే. రంగులు వేసే బీహారీ పెయింటరు ఫొటో చూసి, "యే తో బేసన్ కా రంగ్ హై, మేడమ్‌జీ," అన్నాడు. నిజమే. శనగపిండి, ఉల్లిపొర, లేత టీ, ఈ మూడు రంగుల చారలు వేస్తే అచ్చం శనే. వలయాలు ఆరు ముక్కలుగా వచ్చాయి. అవి గ్రహానికి తగలకుండా దూరంగా ఉండాలని డ్రాయింగులో రాసి ఉంది. సన్నటి రాడ్లతో నిలబెట్టాం. వలయం మీద కంపెనీ ఫోన్ నంబరు వేయిద్దామని ఎండీ గారు రెండుసార్లు అడిగారు. రెండోసారి కాస్త బతిమాలుతూ కూడా అడిగారు.

నేను వెనక్కి కొట్టిన శనిని మళ్లీ విడదీస్తే ఆ రెండు ముక్కలూ ఊరికే ఎండలో పడి ఉన్నాయి. ఫోర్‌మన్ ఎండీ గారిని అడిగి, వాటిని ట్రాక్టరులో పొలానికి తీసుకెళ్లిపోయాడు. గేట్ పాస్ మీద సంతకం నాదే. 'పనికిరాని డోములు, రెండు' అని రాసి ఇచ్చాను.

ప్రారంభోత్సవానికి నాలుగు రోజుల ముందు ప్రొఫెసరమ్మ చూడటానికి వచ్చింది. ఈసారి వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. మేమంతా షెడ్డులో వరసగా నిలబడ్డాం. ఆమె వలయాల చుట్టూ ఒకసారి తిరిగింది. బాగుందంది. నౌకని చూసింది. గ్రహం కొలతలోనే నౌకని కూడా చేస్తే కంటికి కనబడదు కాబట్టి దాన్ని విడిగా, పెద్దగా, మంచం సైజులో చేశాం. చాలా బాగుందంది. ఆ మాటంటూ గ్రహం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మెడ ఒక పక్కకి వంచి చూసింది. ఇంకో పక్కకి వంచి చూసింది.

"ఇది గుండ్రంగా ఉందేంటండీ?" అంది.

నేను సంతోషంగా, "అవునండీ. ఎటు కొలిచినా ఒక్క మిల్లీమీటరు తేడా రాదు," అన్నాను.

"శని గుండ్రంగా ఉండదు కదండీ! అంత పెద్ద గ్రహం పదిన్నర గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. ఆ వేగానికి నడుం దగ్గర ఉబ్బి, పైనా కిందా అణిగిపోయి ఉంటుంది. అందుకే డ్రాయింగులో రెండు కొలతలు ఇచ్చాను."

షెడ్డులో ఎక్కడో గ్రైండరు తిరుగుతుంటే దాన్ని ఎవరో ఆపేశారు. ఎండీ గారు డ్రాయింగు తెమ్మన్నారు. తెచ్చి బల్ల మీద పరిచారు. పద్దెనిమిది వందల నాలుగు మీద ఎర్ర గీత. పైన రెండు వేలు. పక్కన నా సంతకం. తేదీతో సహా.

ప్రొఫెసరమ్మ మంచిది. ఆ సంతకాన్ని చూసి కూడా చూడనట్టు కిటికీ వైపు తిరిగింది. ఎండీ గారు నన్ను చూశారు. నేను నేలని చూశాను.

అప్పుడు ఫోర్‌మన్ గొంతు సవరించుకుని, "మేడమ్, పద్దెనిమిది వందల నాలుగుకు పద్దెనిమిది వందలుంటె నడుస్తదా?" అని అడిగాడు.

"నాలుగు మిల్లీమీటర్లా? చక్కగా సరిపోతుంది."

"అయితె ఉన్నది ఒకటి. నాకు ముందుగాల్నే ఎరుక శని అణిగి ఉంటదని." అబద్ధం. ఆయనకేమీ తెలియదు. ఈ రోజుకీ ఒప్పుకోడు.

"ఎక్కడుంది?" అన్నారు ఎండీ గారు.

"మా పొలం కాడ. బర్రెలు నీళ్లు తాగుతున్నయి అండ్ల."

తెచ్చెయ్యమన్నారు ఎండీ గారు. ఫోర్‌మన్ మెడ గోక్కున్నాడు. "నాతోని గాదు సార్. అది మా అమ్మది ఇప్పుడు. ఆమె ఇయ్యదు. ఎవరైతె పనికిరాదని రాసిచ్చిన్రో ఆల్లే వచ్చి అడగాలె."

ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన బండి వెనక కూర్చుని వెళ్లాను. ఎస్టేటు ప్రహరీ దాటి, వాగు పక్కన మట్టిదారిలో పోతే వాళ్ల పొలం. వాగు దాటుతున్నప్పుడు రసాయనాల ఘాటుకి ఇద్దరం ముక్కులు మూసుకున్నాం. పొలంలో నా శని రెండుగా విడిపోయి ఉంది. ఒక సగం ట్రాక్టర్ టైర్ల మీద వెల్లకిలా కూర్చుని ఉంటే, నాలుగు బర్రెలు చుట్టూ చేరి తీరుబడిగా తాగుతున్నాయి. రెండో సగాన్ని బోరు మోటారు మీద బోర్లించారు. దాని నీడలో కోళ్లు.

వాళ్లమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మా పోరడు రోజు చెప్పే క్యూసీ నువ్వేనా?"

ఆ పోరడికి యాభై ఆరేళ్లు. "నేనేనమ్మా," అన్నాను.

"మస్తు సతాయిస్తవట గదా. కూసో."

కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ తొట్టి మాకు తిరిగి కావాలని సూటిగానే చెప్పాను. ఆమె చిక్కుడుకాయ విరుస్తూనే, "నేనియ్య," అంది.

"అమ్మా, అది తొట్టి కాదు. శని గ్రహం." భయపడి ఇచ్చేస్తుందేమోనని నాలో ఒక చిన్న ఆశ. చదువుకున్నదాన్ని, సిగ్గులేకుండా ఆ ఎత్తు కూడా వేశాను.

ఆమె బర్రెల వైపు చూసింది. "గది వచ్చినంక నల్ల బర్రె పూటకు లీటరు ఎక్కువిస్తున్నది. శని గాని, ఎవరన్న గాని, మాకు మంచిగనే చేసిండు. నీకెందుకు బిడ్డా?"

ఫోర్‌మన్ మొహం పక్కకి తిప్పుకుని నవ్వుతున్నాడు. నేను ఆయనకేసి చూస్తే మోటారు చూసుకోవాలన్నట్టు అటు వెళ్లిపోయాడు.

అప్పుడామె విషయం చెప్పింది. బోరు నీళ్లు చాలా ఏళ్లుగా బర్రెలు ముట్టవట. పోస్తే వాసన చూసి తల తిప్పుకుంటాయట. ఊళ్లో కుళాయి వచ్చినప్పుడు పట్టి తేవాలి. చిన్న తొట్టిలో పోస్తే మధ్యాహ్నానికి అయిపోయేది. ఇది వచ్చాక ఒకసారి నింపితే రెండు రోజులు. "గందుకే ఇయ్య," అంది.

ఆమె మాట న్యాయమే. అయినా ఉత్త చేతులతో వెళ్లలేను. మొత్తం కథ చెప్పడం మొదలుపెట్టాను. ప్రొఫెసరమ్మ చెప్పింది చెప్పినట్టు. ఆకాశంలో శని చుట్టూ మంచుముక్కల వలయాలున్నాయనీ, చుట్టూ బోలెడు చందమామలు తిరుగుతాయనీ, ఇక్కడి నుంచి ఒక నౌక వాటిని చూడటానికి వెళ్లిందనీ చెప్పాను.

"మనుషులు పోయిన్రా అండ్ల?"

"లేదమ్మా. ఉత్త బండే. దూరం నుంచే నడిపించారు."

"ఎన్నేండ్లు?"

"పోవడానికి ఏడేళ్లు. అక్కడ పదమూడేళ్లు."

ఆమె చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. నాకు హుషారొచ్చింది. వాటిలో ఒక బుల్లి చందమామ ఉందనీ, పైనంతా మంచు, కింద నీళ్లు ఉన్నాయనీ, మంచు పగుళ్లలోంచి ఆ నీళ్లు ఫౌంటెన్లలాగా ఆకాశంలోకి చిమ్ముతుంటే నౌక వాటి మధ్య నుంచి దూసుకుపోయి రుచి చూసినట్టు చూసి వచ్చిందనీ చెప్పాను.

"ఇప్పుడేడున్నది గా బండి?"

"కాలిపోయిందమ్మా. వాళ్లే కాల్చేశారు. ఇంధనం అయిపోవస్తుంటే, అదుపు తప్పి ఎప్పటికైనా ఆ బుల్లి చందమామ మీద పడుతుందేమోనని భయం. మన దగ్గరి క్రిములు ఏవైనా దానికి అంటుకుని ఉంటే ఆ నీళ్లు పాడవుతాయని, శనిలోకే తోసేశారు. మంటల్లో మాడిపోయింది."

బర్రె ఒకటి తలెత్తి మూతి దులుపుకుంది.

"ఆ నీళ్లు ఎవరన్న తాగుతరా?"

"ఎవరూ లేరు. చిన్న చిన్న జీవాలేవైనా ఉన్నాయేమో. అదీ తెలీదు."

"తెల్వకనే గంత పదిలం జేసిండ్రా?" ఆమె వాగు వైపు చూసింది. "ఈడ తాగెటోళ్లం అందరం కండ్ల ముంగటనే ఉన్నం గద బిడ్డా."

మీకు నిజం చెప్పాలి. ఇరవై ఆరేళ్లు నేను పాస్ చేసిన ట్యాంకులన్నీ ఆ వాగు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకే పోయాయి. నా ట్యాంకులు ఒక్కటీ కారలేదని మొదట్లో గొప్పగా చెప్పాను. అది నిజమే. వాటిలో పోసింది తర్వాత ఏమవుతుందో చూసే పేజీ నా చెక్‌లిస్టులో ఉండేది కాదు.

ఆమే తేల్చింది. "తీస్కపో. పిల్లలు సూస్తరంటున్నవ్ గద. గానీ నా బర్రెలకు ముందుగాల తొట్టి తెచ్చిపెట్టు. తర్వాత గా బుల్లి సందమామను నాకు సూపియ్యాలె."

తొట్టికి ఇబ్బంది లేదు. మా దగ్గర ఎటు కొలిచినా తేడా రాని శని ఒకటి ఖాళీగా ఉంది. ఆ సాయంత్రమే దాన్ని రెండుగా విడదీసి ట్రాక్టరెక్కించాం. కానీ కొత్త సగం పాతదానికన్నా లోతు. నల్ల బర్రె మెడ వంచి చూసి, మూతి అందక, నన్ను చూసి ఒక అరుపు అరిచింది. ఇరవై ఆరేళ్లలో నా పని గురించి అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. చివరికి ఫోర్‌మన్ టైర్లు తీసేసి, గొయ్యి తవ్వి, దాన్ని మోకాలి లోతు దింపితే గానీ బర్రె ఒప్పుకోలేదు.

తిరుగు దారిలో, బండి వెనక నుంచి, "తప్పు నాదే మేస్త్రీ," అన్నాను.

"ఏందీ? గాలికి ఇనవడ్తలేదక్కా."

"తప్పు నాదే అన్నాను."

"జెర గట్టిగ చెప్పు."

మూడోసారి అరిచి చెప్పాను. పక్కనుంచి పోతున్న ఆటోలోవాళ్లు కూడా తొంగి చూశారు. ఆయన వీపు కదలడం చూస్తే నవ్వుతున్నాడని తెలిసింది. మొదటిసారే విన్నాడు.

మిగిలిన రెండు రోజులూ షెడ్డు పెళ్లిల్లులా ఉంది. పాచి కడిగాం. మళ్లీ మూతికి మూతి కలిపి అతికించాం. బర్రె కొమ్ముల గీతలు మాత్రం ఎంత రుద్దినా పోలేదు. పెయింటరు వాటి మీద రంగు వేస్తే ఇంకా తేటగా కనిపించాయి. భయపడుతూ ప్రొఫెసరమ్మకి ఫోన్ చేశాను. ఈసారి చిన్న విషయమైనా సరే అడగదలుచుకున్నాను. ఆమె వచ్చి చూసి, "ఉంచెయ్యండి. శని మీద పెద్ద పెద్ద తుఫానులుంటాయి. అచ్చం ఇలాగే మెలికలు తిరిగి ఉంటాయి," అంది. తుఫానులు ఏయే బర్రెలు లేపాయో ఫోర్‌మన్ ఆమెకి వేలు పెట్టి చూపించాడు.

చందమామల సంగతి ఇంకోటి. పెద్ద చందమామ ఫర్వాలేదు, గుప్పిట్లో పట్టే బంతి. కానీ ఆ నీళ్లున్న బుల్లి చందమామ, మా కొలతలో, బఠాణీ గింజంత తేలింది. ముప్పై వేల లీటర్ల ట్యాంకులు చేసే కంపెనీలో బఠాణీ గింజ చేసే అచ్చు ఎక్కడిది? ఫోర్‌మన్ పాత బేరింగు ఒకటి పగలగొట్టి అందులో ఉక్కు గుండు తీశాడు. పెయింటరు దానికి తెల్లరంగు వేశాడు. సన్నటి రాడ్డు చివర అతికించాం. బిళ్లతో కొట్టి చూడటానికి అది బిళ్లకన్నా చిన్నది. చేత్తో పట్టుకుని కదిపి చూసి పాస్ చేశాను.

ప్రారంభోత్సవం రోజు క్యాంపస్‌లో షామియానా వేశారు. ఐదారు స్కూళ్ల పిల్లలు వచ్చారు. మా వాళ్లంతా ఇస్త్రీ బట్టల్లో వచ్చి ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టలేకపోయారు. ఎండీ గారు భార్యని కూడా తీసుకొచ్చారు. ఆవిడ శనిని దూరం నుంచి ఒకసారి చూసి, చెప్పులు విడిచి దండం పెట్టుకుని, మజ్జిగ పంచేచోటుకి వెళ్లిపోయింది. ఫోర్‌మన్ వాళ్లమ్మ ఎర్రంచు చీర కట్టుకుని ముందు వరసలో, ముఖ్య అతిథి పక్క కుర్చీలోనే కూర్చుంది. ఆ కుర్చీ మీద ఎవరిదో పేరున్న కాగితం ఉంటే దాంతో విసురుకుంటోంది.

ముఖ్య అతిథి హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద అధికారి. రిబ్బను కత్తిరించి, వలయాల కిందికి వచ్చి, తల పైకెత్తి ఒక్క క్షణం చూశాడు.

"బాగుంది. కానీ ఇదేంటి, కొంచెం నొక్కుకుపోయినట్టుంది? చెక్ చేయలేదా ఎవరూ?"

మావాళ్లంతా ఒక్కసారి నావైపు తిరిగారు. ప్రొఫెసరమ్మ మాట్లాడబోయి ఆగింది. ఫోర్‌మన్ మొహంలో ఇరవై ఏళ్ల ఆనందం ఒకేసారి కనిపించింది.

"నేనే చెక్ చేశాను సార్," అన్నాను. "నాకూ మీలాగే అనిపించి వెనక్కి పంపేశాను. తర్వాత తెలిసింది, అసలు శని ఉండేదే అలా అని. గిర్రున తిరిగి తిరిగి నడుం దగ్గర ఉబ్బింది. ఈయన చేసిందే సరైనది," అని ఫోర్‌మన్‌ని చూపించాను.

పిల్లలు ఎందుకో చప్పట్లు కొట్టారు. ఫోర్‌మన్ ఆ చప్పట్లకి ఏం చేయాలో తెలియక తనూ కొట్టాడు.

తర్వాత ఫొటోల గొడవ మొదలైంది. ఎండీ గారు ఒక పక్క, అధికారి ఒక పక్క, చుట్టూ జనం. ఫొటోగ్రాఫరు ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి అంటున్నాడు. ఆ గోల పట్టించుకోకుండా ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, ఏదీ చూపించమంది. నాలుగు మీటర్ల అవతల రాడ్డు చివరున్న తెల్ల గుండుని చూపించాను. దగ్గరికి వెళ్లి, కళ్లు చికిలించి చూసింది.

"గింతేనా?"

"అంతేనమ్మా. దీనికోసమే బండిని కాల్చుకున్నారు."

ఆమె దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డని చూసినట్టు వంగి చూస్తూ నిలబడింది. సరిగ్గా అప్పుడే అధికారి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, ఫొటోకి చక్కగా ఉంటుందని కాబోలు, ఆ రాడ్డు మీద మోచెయ్యి ఆనించబోయాడు.

ముసలమ్మ గొంతు షామియానా చివరిదాకా వినిపించింది. "ఏయ్ సారూ! అవుతలికి జరుగు. అండ్ల నీళ్లున్నయ్!"

అధికారి ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. గుండుని చూశాడు, ముసలమ్మని చూశాడు. రెండడుగులు పక్కకి జరిగాడు. ఆయన జరిగాడని ఎండీ గారు జరిగారు. ఆయన్ని చూసి మిగతావాళ్లంతా జరిగారు.